బోటు వెళ్లిపోయాక వచ్చే అల



కార్తీకమాసం వచ్చిందంటే విజయవాడ మొత్తం కృష్ణానది వైపు నడుస్తుంది. తెల్లవారుజామున ఘాట్లలో స్నానాలు, పగలు భవానీ ద్వీపంలో వనభోజనాలు, పొద్దుపోయాక అరటి దొప్పల్లో దీపాలు. వీటన్నిటి మధ్యా బోట్లు తిరుగుతుంటాయి. పున్నమి ఘాట్ నుంచి ద్వీపానికి జనాన్ని చేరవేసే పెద్ద బోట్లు, నలుగురైదుగురు కూర్చునే స్పీడ్ బోట్లు, కుర్రకారు మోజుపడే జెట్ స్కీలు. బోటు ప్రమాదం అనగానే మనం బోటులో ఉన్నవాళ్ల గురించే మాట్లాడుకుంటాం. ఎంతమందిని ఎక్కించారు, జాకెట్లు ఇచ్చారా, లైసెన్సు ఉందా? ఇవన్నీ అడగాల్సినవే. కానీ ఆ బోటు వెనక లేచిన అల ఎటు పోయింది, ఎవరికి తగిలింది అని అడిగేవాళ్లు నాకు ఇంతవరకు కనపడలేదు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ అల గురించే.

నిజానికి విజయవాడ వాళ్లకు ఆ అలను కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగిపోయిన రోజులు గుర్తు తెచ్చుకోండి. అప్పుడు ఆ వీధుల్లో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. నీళ్లు గుమ్మం మొదటి మెట్టు దాకా వచ్చి నిలిచి ఉంటాయి. హమ్మయ్య, ఇక పెరగవులే అనుకుంటుండగా వీధిలోంచి ఒక ట్రాక్టరో, లారీయో, సహాయానికి వచ్చిన మోటారు బోటో కాస్త జోరుగా వెళ్తుంది. అది సందు మలుపు తిరిగిన తర్వాత నీళ్లు లేచి గడప దాటి, గదిలోకొచ్చి, బియ్యం బస్తా తడిపి వెనక్కి పోతాయి. పాపం ఆ బండి తెచ్చింది పాలూ మంచినీళ్లే. నడిపేవాడి మనసులో చెడు ఏమీ లేదు. మేడల మీంచి జనం ‘మెల్లగా, మెల్లగా’ అని అరిచేది అతనికి వినపడదు, వినపడ్డా అప్పటికి అల బయల్దేరిపోయింది. కృష్ణ మీద ఆదివారం సాయంత్రం జరిగేది కూడా అచ్చంగా ఇదే. ఘాట్లో మెట్టు మీద కూర్చున్నవాళ్లు అరవరు, అంతే తేడా.

మన నీళ్ల మీద ఈ అల మొదటి నుంచీ లేదు. నేనుండేది గుణదల. ఏలూరు రోడ్డు మీద మా దగ్గర పడవలరేవు అని ఒక స్టాపు ఉంది. ఆటోవాళ్లకు కూడా ఆ పేరు చెబితేనే తెలుస్తుంది. పడవలు మాత్రం ఎప్పుడో పోయాయి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయిన తర్వాత తవ్విన కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, సరుకు మోయడానికి కూడా. ఏలూరు కాలువ ఇక్కడ కృష్ణ నీళ్లతో బయల్దేరి, ఏలూరులో గోదావరి నుంచి వచ్చే కాలువను కలుస్తుంది. అంటే పడవ ఎక్కి లాకులు దాటుకుంటూ రెండు నదుల మధ్య తిరగొచ్చు. ధాన్యం, పొగాకు, కలప, పెళ్లివారు అందరూ ఆ దారినే. గాలి వాలుగా ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగడం. మనిషి నడక వేగంతో పోయే పడవ వెనక అల ఏం లేస్తుంది? నీళ్లు కాస్త కదులుతాయి, అంతే. కాలువ గట్టు మట్టిది. దానికి ఆ వేగమే సరిపోయింది.

ఇంజన్లు వచ్చాకే గట్లకు గండం మొదలైంది. ఇది మన ఒక్క ఊరి కథ కాదు. ఇంగ్లండులో పాత కాలువల మీద ఇవాళ్టికీ బోటు గంటకు నాలుగు మైళ్లు దాటకూడదు. అంటే జోరుగా నడిచే మనిషి వేగం. వెనిస్ నగరంలో వీధులన్నీ నీళ్లే కదా, అక్కడ మోటారు బోట్ల అలలు ఇళ్ల పునాదుల్లో ఇటుకల సందుల్లోకి దూరి సున్నం తినేస్తున్నాయని కొన్ని దశాబ్దాలుగా గొడవ. అందుకే వేగానికి పరిమితి పెట్టారు, జరిమానాలు వేస్తున్నారు, జనం పడవలేసుకుని ఊరేగింపులు తీశారు. రాతి మేడల్నే అరగదీసే అల కృష్ణ లంకల్లో మట్టి ఒడ్డును వదిలిపెడుతుందా?

ఇప్పుడు ఆ అల ఎలా పుడుతుందో కొంచెం చెబుతాను. కాలేజీ పాఠంలా అనిపిస్తే ఓర్చుకోండి. జీవితమంతా ఫిజిక్స్ చెప్పి బతికినవాణ్ణి, ఆ అలవాటు పోదు.

నీటి మీద కదిలే ఏ వస్తువైనా వెనక రెండు చేతులు చాచినట్టు అలలు వదులుతుంది. లోతైన నీటిలో ఆ రెండు చేతుల మధ్య కోణం వేగాన్ని బట్టి మారదని 1887లో లార్డ్ కెల్విన్ లెక్క కట్టి చూపించాడు. బాతు ఈదినా, ఓడ నడిచినా ఒక్కో పక్కకు పందొమ్మిదిన్నర డిగ్రీలు. కోణం అదే అయినా ఎత్తు అదే కాదు. అల ఎత్తు రెండింతలైతే అది మోసుకెళ్లే శక్తి నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిది. అందుకే ‘కొంచెం పెద్ద అలేగా’ అనే మాట నీటి దగ్గర చెల్లదు.

ఇక బోటు నడిపే సరంగులు కూడా చాలామంది నమ్మని విషయం ఒకటుంది. స్పీడ్ బోటు అన్నిటికంటే పెద్ద అల లేపేది అన్నిటికంటే వేగంగా వెళ్లేటప్పుడు కాదు. మెల్లగా పోయేటప్పుడు బోటు నీళ్లను పక్కకు నెట్టుకుంటూ పోతుంది, అల చిన్నది. పూర్తి వేగంలో బోటు నీటి పైకి లేచి జారుతూ పోతుంది, అప్పుడు కూడా అల కొంత తగ్గుతుంది. ఈ రెంటికీ మధ్య ఒక వేగం ఉంది. బోటు ముక్కు ఆకాశం చూస్తుంటుంది, వెనక భాగం నీళ్లలో కూరుకుంటుంది, ఇంజను రొద చేస్తుంది, బోటు మాత్రం బరువుగా ఈడుస్తూ పోతుంది. పెద్ద అల లేచేది అప్పుడే. ఘాట్ దగ్గర పడుతుండగా ‘వేగం తగ్గించానులే’ అని సరంగు సగానికి తగ్గిస్తాడు చూడండి, సరిగ్గా ఆ సగం వేగమే చాలాసార్లు అన్నిటికంటే చెడ్డది. తగ్గిస్తే ముక్కు కిందికి దిగేదాకా తగ్గించాలి. బోటు నీళ్లలో మట్టంగా కూర్చోవాలి. ఒడ్డున నిలబడి చూసేవాడికి కూడా ఇది తెలిసిపోతుంది, మీటరు అక్కర్లేదు.

లోతు తక్కువైతే ఇంకో చిక్కు. అలకు నీటి లోతును బట్టి ఒక గరిష్ఠ వేగం ఉంటుంది. రెండు మీటర్ల లోతులో అది గంటకు సుమారు 16 కిలోమీటర్లు. నాలుగు మీటర్ల లోతులో 22. బోటు సరిగ్గా ఆ వేగం దగ్గరకు వచ్చిందంటే తను లేపిన అలలు తనను వదిలి పోలేక పోగుపడి పెద్ద గోడలా తయారవుతాయి. ప్రకాశం బ్యారేజీ ఎగువన నది చెరువులా నిలిచి ఉంటుంది గాని, అడుగు మాత్రం చెరువు అడుగు కాదు. ఒకచోట నిలువు లోతు, పక్కనే ఇసుక మేట. సరంగు వేగం మార్చకుండా పోతున్నా కింద మేట తగలగానే అల రూపం మారిపోతుంది. పైన కూర్చున్న మనకు ఏమీ తెలియదు.

అన్నిటికంటే మోసకారి సంగతి అల తీసుకునే సమయం. బోటు దారికీ ఘాట్ మెట్లకూ మధ్య వంద మీటర్ల దూరం ఉందనుకోండి. అల అక్కడికి చేరడానికి నిమిషం దాకా పట్టొచ్చు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోయే బోటు ఆ నిమిషంలో మూడు వందల మీటర్లకు పైగా ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. మెట్టు మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టిన ముసలావిడ మీదికి అల వచ్చిన క్షణానికి ఎదురుగా నది ఖాళీ. ఎవరి అలో ఆమెకు తెలియదు. అల తగిలిందని సరంగుకీ తెలియదు. తప్పు చేసినవాడూ దెబ్బ తిన్నవాడూ ఒకరి మొహం ఒకరు చూసుకోని ప్రమాదమిది. అందుకే ఇది ఫిర్యాదుల్లోకి రాదు, లెక్కల్లోకీ రాదు. ‘అకస్మాత్తుగా అల వచ్చింది’ అని రాసుకుని ఊరుకుంటాం. నిలిచిన నీటిలో, గాలిలేని సాయంత్రం అకస్మాత్తుగా అల ఎందుకొస్తుందండీ?

బ్యారేజీ ఎగువ నీళ్లు ఎవరెవరివో ఒకసారి చూద్దాం. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు, పొడవు 1,223 మీటర్లు. నిండుగా ఉన్నా అది పట్టి ఉంచేది మూడు టీఎంసీలే. డెల్టా కాలువలకు అదే ఆధారం, ఊరికి తాగునీరు అదే. ఆ నీటి మీదే 133 ఎకరాల భవానీ ద్వీపం. ఇటు దుర్గా ఘాట్, పున్నమి ఘాట్, అటు సీతానగరం. చేపలు పట్టేవాళ్లు నాటు పడవల్లో, పుట్టిల్లో తెల్లవారకముందే దిగుతారు. పుట్టి అంటే తెలుసుగా, గుండ్రంగా ఉండే బుట్ట పడవ. దానికి ముక్కూ లేదు, వెనకా లేదు. అలకు ఎదురు తిప్పుకుందామన్నా జాలరి తిప్పుకోలేడు. వల ఎత్తుతూ ఒక పక్కకు వంగి ఉన్నప్పుడు పక్కనుంచి అల కొడితే మనిషి నీళ్లలో ఉంటాడు. ఆ మనిషికి అది విహారం కాదు, పొట్టకూడు. ఆయన ఒంటి మీద లైఫ్ జాకెట్ ఉండదు.

ఘాట్ల సంగతి ఇంకా చిక్కైనది. మట్టి ఒడ్డుకు తుంగా రెల్లూ ఉంటే అల వాటిలో దూరి చల్లబడుతుంది. నిలువు కాంక్రీటు గోడకు తగిలితే చల్లబడదు, తిరిగొస్తుంది. అలా తిరిగొచ్చిన అలా, వెనక నుంచి వస్తున్న అలా కలిసినచోట నీళ్లు ఒక పద్ధతి లేకుండా ఎగిరిపడతాయి. 2016 ఆగస్టులో పుష్కరాల కోసం ఘాట్లన్నీ కొత్తగా కట్టుకున్నాం, బాగున్నాయి. కాని కాంక్రీటు ఎంత పెరిగితే అలకు అణిగిపోయే చోటు అంత తగ్గిందని కూడా గుర్తుపెట్టుకోవాలి. మెట్ల మీద పాచి, పైన జారే చీర కుచ్చెళ్లు, చేతిలో దీపం. మోకాలెత్తు అల అక్కర్లేదు, జానెడు చాలు. చిన్నపిల్లలకైతే అదీ అక్కర్లేదు. దీపాల మాట కూడా చెప్పాలి. ఒక్క స్పీడ్ బోటు వెళ్తే వందల దొప్పలు తలకిందులవుతాయి. ఇందులో ప్రాణాపాయం లేదు, నిజమే. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు 2017 నవంబరు 12 గురించి. కార్తీకమాసం, ఆదివారం. ఒంగోలు నుంచి వచ్చిన వాకర్స్ క్లబ్ వాళ్లు, వాళ్ల కుటుంబాలు భవానీ ద్వీపం చూసుకుని, పవిత్ర సంగమం దగ్గర సాయంత్రం హారతి చూడాలని బోటెక్కారు. పవిత్ర సంగమం అంటే ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే చోటు. హారతికి కూతవేటు దూరంలో బోటు బోల్తాపడింది. 20 మందికి పైగా చనిపోయారు. ఆ బోటుకు అక్కడ తిరిగే అనుమతి లేదు. ఎక్కించాల్సినవాళ్ల కంటే ఎక్కువమందిని ఎక్కించారు. జాకెట్లు వేయలేదు. ఒడ్డున ఉన్న జాలర్లు తమ పడవలతో వెళ్లి కొందరిని బయటికి లాగారు. అల తగలకుండా తప్పుకొమ్మని మనం హారన్ కొడతామే, ఆ పడవలే ఆ రోజు ప్రాణాలు కాపాడాయి.

అది ఏదో బోటు అలవల్ల జరిగిందని నేననను. బరువెక్కిన బోటు అల ముందు ఎందుకు నిలవదో చెప్పడానికే ఆ సంగతెత్తాను. బోటు అంచుకూ నీటికీ మధ్య ఉండే ఎత్తే దాని ఆయుష్షు. పదిమంది ఎక్కువెక్కితే ఆ ఎత్తు తగ్గుతుంది. ఇంకో ఇద్దరు నిలబడితే బరువు పైకి చేరి ఊగు పెరుగుతుంది. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు వస్తే ఆ పక్క అంచు నీటికి తాకబోతూ ఉంటుంది. ఆ స్థితిలో బోటు మామూలుగా అయితే గట్టెక్కుతుంది. మామూలుగా కానప్పుడు ఒక్క చిన్న అల చాలు. కేరళలో తేక్కడి సరస్సు మీద 2009 సెప్టెంబరు 30న జలకన్యక అనే బోటు మునిగి 45 మంది పోయారు. అసలే నిలకడ తక్కువ బోటు. ఒడ్డున జంతువులు కనపడ్డాయని జనం ఒక పక్కకు చేరారు. మన గోదావరి మీద 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న బోటు మునిగితే బయటపడింది 26 మంది. వాళ్లలో చాలామందిని కాపాడింది తూటుగుంట గ్రామస్థులు. వరద గోదావరిలో లోతుల్లో పడ్డ ఆ బోటును కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి తీసింది. అప్పటికీ లోపల మృతదేహాలు ఉన్నాయి.

కచ్చులూరు తర్వాత ప్రభుత్వం మేలుకుంది. బోట్లు తిరిగే చోట్ల కంట్రోల్ రూములు పెట్టారు. విజయవాడలోనూ ఒకటి. బోటు కదిలేముందు ఎంతమంది ఎక్కారు, జాకెట్లు వేశారా, వరద ఎంత ఉంది అని చూడాలి. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం వచ్చింది. బోటుకు సర్వే ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, నడిపేవాడికి యోగ్యతాపత్రం ఉండాలి. ఇవన్నీ మంచి మార్పులే, నేను తక్కువ చెయ్యను. కాని చూడండి, తనిఖీ అంతా బోటు ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడే జరుగుతుంది. తాడు విప్పాక ఆ బోటు ఘాట్‌కు ఎంత దూరంలో ఏ వేగంతో పోతోందో చూసే కన్ను ఉందా? రోడ్డు మీద స్కూలు ముందు వేగం తగ్గించమని బోర్డుంటుంది, గతుకు ఉంటుంది. స్నానాల ఘాట్ ముందు నీటి మీద ఏముంది?

మనకు చేతకాక కాదు. ఇదే నీటి మీద 2018 నవంబరులో ఫార్ములా వన్ పవర్ బోట్ల పోటీ జరిగింది. గంటకు 200 కిలోమీటర్లు దాటే బోట్లవి. 2024 నవంబరు 9న పున్నమి ఘాట్ దగ్గర సీ ప్లేన్ లేచి శ్రీశైలం వెళ్లింది. రెండుసార్లూ నీళ్ల మీద హద్దులు గీశారు, మిగతా పడవల్ని పక్కన పెట్టారు, రక్షణ బోట్లు కాచుకుని ఉన్నాయి. దసరానాడు అమ్మవారి తెప్పోత్సవం చూడండి. అమ్మవారు ఊరేగే హంసవాహనానికి ముందు ట్రయల్ రన్ వేస్తారు. ఎంతమంది ఎక్కాలో లెక్క కడతారు, ఎంత పెద్దవాళ్లు అడిగినా ఆ లెక్క దాటనివ్వకూడదని చూస్తారు. వరద జోరుగా ఉన్న ఏళ్లలో తెప్పను నదిలో తిప్పకుండా ఒడ్డు దగ్గరే ఉంచి పూజ చేసి దింపేశారు. వేడుకలో లోటు అనిపించినా ఎవరూ కాదనలేదు. పండగనాటికి అంత జాగ్రత్త తెలిసిన ఊరు మామూలు ఆదివారానికి ఎందుకు మరిచిపోతుందో నాకు అర్థం కాదు. అందరి కళ్లూ ఉన్న రోజున ప్రమాదం జరగదు. ఎవరూ చూడని ఆదివారం సాయంత్రం అయిదింటికే భయం.

అల దెబ్బ నీళ్లలో ఉన్న మనుషులకే కాదు. కట్టేసిన బోటు కూడా అలవల్ల ఊగుతూ తాడును లాగుతూనే ఉంటుంది. రోజూ కొంచెం కొంచెం ఒరుసుకున్న తాడు వరద రోజున తెగుతుంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బోట్లు 67, 69, 70 గేట్ల దగ్గర, గేట్లకు తూకంగా ఉండే కౌంటర్‌వెయిట్లను గుద్దుకున్నాయి. ఒక్కో బోటూ పదుల టన్నుల బరువు. వాటిని తీయడానికి క్రేన్లు, ఈతగాళ్లు, రోజుల తరబడి తంటాలు. ఆ బోట్లు ఎందుకు కొట్టుకొచ్చాయన్నది వేరే చర్చ. తాడు, లంగరు అనేవి ఎవరికీ పట్టని చిన్న విషయాలు కావని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

బయటి దేశాల్లో మన పిల్లలు ఉన్నారు, వాళ్లకూ ఒక మాట. అమెరికాలో సరస్సుల మీద తేలే బోయాలు కట్టి ‘అల లేపరాదు’ అని రాసి ఉంటుంది. చాలాచోట్ల బోటు అలవల్ల జరిగిన నష్టానికి నడిపినవాడే బాధ్యుడు. వారాంతాల్లో మనవాళ్లు నలుగురు కలిసి బోటు అద్దెకు తీసుకుంటారు, అద్దె కాగితం మీద సంతకం పెడతారు, చదవరు. ఇప్పుడు కావాలని పెద్ద అల లేపే బోట్లు కూడా వచ్చాయి. లోపల నీళ్లు నింపుకుని వెనక భాగాన్ని బరువెక్కించి, ఆ అల మీద పలక వేసుకుని ఆడుకుంటారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో కొలిచి చూశారు. మామూలు బోటు అల 200 అడుగుల్లో తగ్గేంతగా తగ్గాలంటే ఈ బోటు అలకు 500 అడుగులకు పైనే కావాలట. ఒడ్డుకు దగ్గరగా అవి తిరిగితే ఏమవుతుందో ఇక మీరే ఊహించుకోండి.

జెట్ స్కీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, మన నీళ్ల మీద కూడా అది తిరుగుతోంది కాబట్టి. దానికి చుక్కాని లేదు. వెనక నుంచి చిమ్మే నీటి ధారను అటూ ఇటూ తిప్పడమే దాన్ని తిప్పడం. ఎదురుగా ఏదో కనపడగానే భయపడి రేజ్ వదిలేశారనుకోండి, ధార ఆగిపోతుంది, ఇక హ్యాండిల్ ఎంత తిప్పినా అది తిన్నగానే పోతుంది. బ్రేకు అనుకున్నది అక్కడ పనిచేయదు. మోటారు సైకిల్ మీద చెయ్యి తిరిగిన కుర్రాడు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఫ్లోరిడాలో 2024 మార్చిలో రెండు జెట్ స్కీలు గుద్దుకుని తెలంగాణ విద్యార్థి ఒకతను చనిపోయాడు. ఎక్కేముందు చేతికి కట్టే తాడు ఇస్తారు. అది మనిషి పడిపోగానే ఇంజను ఆపే తాడు. అలంకారం అనుకుని హ్యాండిల్‌కు చుట్టి పెట్టకండి.

లైఫ్ జాకెట్ గురించి చెప్పి చెప్పి అందరూ అలిసిపోయారు, అయినా ఒక లెక్క వినండి. అమెరికా కోస్ట్ గార్డ్ 2023 సంవత్సరానికి ఇచ్చిన లెక్క ప్రకారం బోటు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లలో నూటికి 75 మంది మునిగి పోయారు. అలా మునిగినవాళ్లలో నూటికి 87 మంది జాకెట్ వేసుకోలేదు. అక్కడ చాలామందికి ఈత వచ్చు. ఈత వచ్చినవాడికి కూడా తలకు దెబ్బ తగిలితే ఈత గుర్తుండదు. జాకెట్ భుజాన తగిలించుకుంటే చాలదు. బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి. గడ్డం దాటి పైకొస్తే అది మీ సైజు కాదు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే జాకెట్ తేలుతుంది, పిల్ల జారిపోతుంది.

సరంగులకు తెలియదని కాదు గాని, ప్రయాణికులు కూడా వింటున్నారు కాబట్టి చెబుతున్నాను. ఎదురుగా పెద్ద బోటు అల వస్తుంటే పక్కవాటుగా తీసుకోకూడదు. వేగం తగ్గించి, కొంచెం ఏటవాలుగా ముక్కుతో ఎక్కాలి. ఒక్కసారిగా ఇంజను ఆపేయకూడదు. ఆపితే తన వెనకే వస్తున్న తన అలే వచ్చి వెనక నుంచి బోటులోకి దూకుతుంది. చిన్న బోట్లలో నీళ్లు ఎక్కేది చాలాసార్లు ఇలాగే. స్పీడ్ బోటులో ముందు సీట్లు పిల్లలు ఎగబడే సీట్లు, ఎక్కువ ఎగిరిపడేవీ అవే. అల మీంచి ముక్కు నేలకు కొట్టినట్టు నీటికి కొట్టుకుంటుంది, ఆ దెబ్బ తిన్నగా వెన్నెముకకు తగులుతుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు ఎక్కకపోవడమే మేలు. ఎక్కక తప్పకపోతే వెనక కూర్చోండి.

ఇక అధికారులను అడగాల్సింది. ఇందులో కోట్ల ఖర్చేమీ లేదు. స్నానాల ఘాట్ల ముందు, జెట్టీల ముందు, జాలర్ల వలలుండే చోట నీటి మీద బోయాలు కట్టండి. అవి దాటి లోపలికి వచ్చే ఏ బోటైనా ముక్కు దించి, నడక వేగంతో రావాలని పెట్టండి. జెట్ స్కీలకూ స్పీడ్ బోట్లకూ నది మధ్యలో ఒక చోటు విడిగా చూపించండి, అక్కడ వాళ్ల సరదా వాళ్లు తీర్చుకుంటారు. దీపాలు వదిలే వేళ ఘాట్ల ముందు స్పీడ్ బోట్లు ఆపండి. ఘాట్ దగ్గర నిలబడే సిబ్బందికి విజిల్ వేసి బోటు నంబరు రాసుకునే అధికారం ఇవ్వండి. నంబరు అంటే ఒడ్డు నుంచి చదవగలిగినంత పెద్దది, ఇప్పుడున్నట్టు జానెడు అక్షరాలు కాదు. ఈ నియమాలు రాసేటప్పుడు జాలర్ల సంఘాలను కూడా పిలిచి కూర్చోబెట్టండి. ఏ బోటు అల ఎక్కడ ఎలా కొడుతుందో నది మీద వాళ్లకంటే తెలిసినవాళ్లు లేరు.

శ్రోతలారా, మీకూ ఒక పని చెబుతాను. ఈసారి ద్వీపానికి వెళ్లేటప్పుడు బోటెక్కి కూర్చున్నాక వెనక్కి తిరిగి మీ బోటు అల ఎటు పోతోందో ఒకసారి చూడండి. అటు పుట్టి గానీ, స్నానం చేసేవాళ్లు గానీ కనపడితే సరంగుతో ‘బాబాయ్, కొంచెం మెల్లగా పోనీ’ అనండి. డబ్బిచ్చిన ప్రయాణికుడి మాట అతను వింటాడు, నా రేడియో ప్రసంగం కంటే. కృష్ణా పుష్కరాలు 2028లో మళ్లీ వస్తున్నాయి. అప్పటికి ఘాట్లు మళ్లీ కడతారు, రంగులు వేస్తారు, దీపాలు పెడతారు. ఆ అంచనాల్లో నీటి మీద కట్టే బోయాలకు కూడా ఒక పద్దు పెట్టమని మన కార్పొరేటర్‌నీ, మన ఎమ్మెల్యేనీ ఇప్పుడే అడుగుదాం.